పచ్చాకు

కసుంగు క్లినిక్ రిజిస్టరులో ఆరో గడి ఇది:
పొగ తాగుతారా? అవును. కాదు.
ఎనెలెసి "కాదు" అంది.
కాదు దగ్గర టిక్కు పెట్టాను.
అప్పటికే రెండుసార్లు కక్కింది,
మూడోది నా బూట్ల పక్కన.

తెల్లారకముందే తోటలో దిగుతారట,
ఎండెక్కితే ఒంగిన నడుము లేవదని.
రాత్రి వాన ఇంకా నిలిచే ఉంటుంది ఆకుల మీద,
ఒక్కో ఆకు చేటంత.
కింది ఆకు తుంచి చంకలో,
ఇంకోటి తుంచి చంకలో,
మోపు నిండేసరికి
చితెంజె గుడ్డ తడిపట్టీలా
పక్కటెముకలకి అంటుకుపోయి ఉంటుంది.

ఆ నీళ్ళు ఉత్త నీళ్ళు కావు.
మొక్క వేళ్ళల్లో వండుకుని
ఆకుల్లోకి తోడుకున్న చేదు అది,
కొరికిన పురుగు కాళ్ళు కొట్టుకుని చావాలని.
పారిపోడానికి దానికి కాళ్ళు లేవు,
అరవడానికి నోరు లేదు.
మా మేకలు ఆ తోట వైపు చూడనైనా చూడవు.
మనుషుల మీద దానికి పగేం లేదు పాపం,
తడిసిన చర్మం ఎవరిదని అడగదు, అంతే.

చదువుకునే రోజుల్లో మా మేష్టారు
నల్లబల్ల మీద తాళంకప్ప గీశాడు.
నరానికీ నరానికీ నడుమ సన్నటి సందు,
సందు దాటితే తలుపు, తలుపుకి తాళం.
ఒళ్ళు తనకోసం పోత పోసుకున్న చెవి ఒకటుంది,
తిరుగుతుంది, పనవుతుంది,
అయిన క్షణంలో దాన్ని విరిచేస్తారు.
ఆకుది దొంగచెవి.
అచ్చంగా పడుతుంది, విరిచే దిక్కుండదు.
తెరిచిన తలుపు తెరిచినట్టే,
గుండె పరుగు, పేగు మెలిక,
నోట్లో ఉమ్మి ఊటచెలమ,
నిలబడ్డ పొలం ఓ పక్కకి ఒరగడం.
ఇదంతా ఎనెలెసికి చెప్పలేదు.
"ఆకు నీళ్ళు ఒంట్లోకి దిగాయమ్మా" అన్నాను.
"నేను తాగలేదుగా!" అంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఇక్కడ నిప్పూ లేదు, పొగా లేదు.
పొగాకు మాత్రం ఉంది, ఆమె నెత్తుట్లో.

బెంచీ మీద కూర్చున్న బిస్విక్,
వాళ్ళ మేనమామ, దగ్గి గొంతు సవరించుకున్నాడు.
"నేనూ రెండు పంటలు ఇలాగే కక్కా.
తర్వాత చుట్ట పట్టా. ఇప్పుడు ఆకు నన్నేం చెయ్యదు.
రోజుకి రెండు కాల్చు పిల్లా, ఒళ్ళు మొద్దుబారుతుంది."

కొట్టిపారేద్దామని నోరు తెరిచాను.
ఆయన అబద్ధమేం చెప్పలేదు.
అదే చెవి అన్నేసిసార్లు తిరిగితే
తాళం బండబారుతుంది,
ఒళ్ళు పక్కనే మరికొన్ని తాళాలు బిగించుకుంటుంది.
చెవి రాని పూట అవన్నీ కలిసి
లోపల గిలకల్లా మోగుతాయి.
ఎలా మోగుతాయో నాకు తెలుసు.
నా చొక్కా జేబులో సగం పెట్టె ఉంది.
ఆరో గడి నన్నెవరూ అడగలేదు.

సెలైన్ పెట్టాను. తడిగుడ్డ మార్పించాను.
ఎరువు బస్తాకి చేతులకి కంతలు చేసి తొడుక్కో అన్నాను,
"ఆ ఉక్కలో ఎవరు చస్తారు డాక్టర్" అని నవ్వింది.
నేను డాక్టర్ని కాదు.
లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది,
"చంటిది రెండ్రోజుల్నించి పాలు పట్టట్లేదు,
నోట్లో పెట్టుకుని వదిలేస్తోంది,
దానికీ ఇదేనా?"
రిజిస్టరు మూసేసి ఉంది.
మళ్ళీ తెరిచాను.
పాలకి గడి లేదు.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే చూశాను,
అరచేతుల మీద జిగురు నల్లగా, తారులా,
సబ్బుకి లొంగలేదు.
"ఈ చేత్తో ఎన్సిమా తింటే ముద్దంతా చేదే" అంది.
"పచ్చి టమాటా రుద్దితే పోతుంది, మీకు తెలీదా?"

సాయంత్రం వంటావిడ దగ్గర ఒకటి అడిగి తెచ్చుకున్నాను.
కోసి, ఉప్పులేని ఆ పులుపు
చూపుడువేలి పసుపుమీద చాలాసేపు రుద్దాను.