వదిలేసిన చోటు

వన్ టౌన్ ప్రెస్సులో దానియేలు మేస్త్రీకి
నా గళ్ల కాగితం ఇచ్చాను:
మరపడవల సంఘం మీటింగు పోస్టరు.

తీగలొద్దు, నెమళ్లొద్దు, చుట్టూ గీత కూడా.
మాటలన్నీ ఎడమ అంచుకి ఆనాలి.
కుడివైపు, ఆటుకి తేలిన జాలారిపేట ఇసకలా
ఊరికే వదిలెయ్యండి.

"తలకట్టు కూడా పీకెయ్యమంటావేటి?"
కళ్లద్దాల మీంచి చూశాడు.
"అది సోకు కాదు బాబూ.
అది లేకపోతే 'క' గొంతులోనే ఆగిపోద్ది."

ఇంకేం అనలేదు.
ఆ తెల్లటి చోటు కోసం
అక్షరం లేని సీసం ముక్కలు
ఒక్కొక్కటే పేర్చుకుంటూ కూర్చున్నాడు,
హార్బర్ సైరన్ మోగేదాకా.

"ఓ చెయ్యెయ్యి" అన్నాడు.
ఇద్దరం ఫారం ఎత్తాం.
నా మణికట్టు వంగిపోయింది.

కుడివైపు పట్టుకున్నది నేనే.