ఐదో గడి

శనివారం సాయంత్రం మా అపార్టుమెంటు నేలమాళిగలో
సౌనా వెలిగిస్తారు.
దాని పక్క గదే నాది: స్కీలూ, పాత టైర్లూ, జామ్ సీసాలూ,
వాటి మధ్య బల్ల మీద నా యంత్రం.
గోడ వేడెక్కేకొద్దీ
దాని శ్రుతి పైకి పాకుతుంది.
ఔలు ఊళ్ళో జనవరి, బయట మైనస్ ఇరవై ఆరు.
లోపల నా స్వరాలకు చెమట.

మూడో అంతస్తు ఒన్ని ఇవాళ
ఒక కీబోర్డు చంకన పెట్టుకొచ్చాడు.
పదిహేనేళ్ళవాడు. చేతితొడుగులు పళ్ళతో లాగేసుకుంటాడు.
"హిల్కా, దీన్ని నీ పెట్టెకు కలుపుదాం."
రెండు మీటలు ఊడిపోయిన సరుకు,
సంతలో ఆరు యూరోలట.

కలపడం నాకు చెప్పాలా?
పందొమ్మిదో ఏట టెలిఫోను ఎక్స్చేంజీలో కూర్చున్నదాన్ని.
తీగ కొస పట్టుకుంటే ఇప్పటికీ
"ఎవరు కావాలండీ?" అని నాలుక మీదికొస్తుంది.

అయితే వీళ్ళిద్దరికీ భాష కుదరదు.
కీబోర్డు అంకెలు మాట్లాడుతుంది: అరవై, అరవై రెండు, అరవై ఏడు.
నా యంత్రానికి అంకెలు రావు,
వోల్టులే తెలుసు, అవీ ఉజ్జాయింపుగా.
మధ్యన అగ్గిపెట్టెంత దుబాసీని తెచ్చాడు ఒన్ని,
ఇటు విని అటు చెప్పేది.
నా పాత ఉద్యోగం. జీతం లేకుండా.

ఎనిమిది గడులు. గడికొక మర.
మర తిప్పినంత ఎత్తున స్వరం నిలబడుతుంది.
ఎర్రదీపం గడి తర్వాత గడి దాటి
మళ్ళీ మొదటికొస్తుంది.
ఇంతకాలం ఉన్నచోటే తిరిగేది,
గుంజకు కట్టిన రెయిన్‌డీరులా.

ఒన్ని ఒక్క మీట నొక్కాడు.
వరసంతా లేచి నిలబడింది.
ఇంకో మీట: గుంపుగా కిందికి దిగింది,
మధ్య ఎడాలు చెదరకుండా,
బడిపిల్లలు ఒకరి నడుము ఒకరు పట్టుకుని
మంచుగట్టు జారినట్టు.
వాడి ముఖం చూడాలి!
ఒక వేలికి ఎనిమిది...
కాదు, "ఏడే వినపడుతున్నాయి" అన్నాడు.

ఐదో గడి స్విచ్చి నేనే ఆపేశాను.
"పాడైందా?"
బాగానే ఉంది.
"మరి?"

ఎక్స్చేంజీలో నలభై మూడో లైను ఉండేది.
రాత్రి పదిన్నరకు రేవు నుంచి ఒకామె
"నలభై మూడు ఇవ్వమ్మా" అనేది.
ఇచ్చేదాన్ని. గంట మోగేది. ఎనిమిదిసార్లు, తొమ్మిదిసార్లు.
"ఎత్తడం లేదండీ."
"సరేలే. రేపు."
రెండు చలికాలాలు.
అది ఎవరి ఇల్లో అడగలేదు, అడగకూడదు.
తర్వాత ఆటోమేటిక్కు వచ్చింది,
మా కుర్చీలు తీసుకుపోయారు.

ఇదేదీ ఒన్నికి చెప్పలేదు.
"అక్కడ ఊపిరి పీల్చుకుంటుంది" అన్నాను.

వాడు మీటలన్నీ తడిమి చూశాడు,
ఊడినచోట రేకు మీద కూడా వేలు పెట్టి.
ఏది నొక్కినా ఏడూ కదులుతాయి.
ఆ ఒక్క ఖాళీ
పైకెత్తడానికి పట్టు దొరక్క
ఎక్కడిదక్కడే.

సౌనా బాగా కాగింది. రాళ్ళ మీద నీళ్ళు బుస్సుమన్నాయి.
పావు స్వరం పైకెక్కింది నా యంత్రం.
కీబోర్డు ఇంకా అరవై అనే అంటోంది,
దానికి చెమట పట్టదు మరి.
ఒన్ని స్క్రూడ్రైవరు తీశాడు.
ఉంచరా, వాళ్ళ వంతు ఏడింటికి అయిపోతుంది,
దానంతటదే దిగుతుంది అన్నాను.

అప్పుడు గోడ అవతల నుంచి
ఎవరో తడిచేత్తో బాదారు, సౌండు తగ్గించమని.
ధబ్.
ఒక చుట్టు అయ్యాక మళ్ళీ ధబ్.
రెండుసార్లూ ఐదో గడి మీదే పడింది.

ఒన్ని నావైపు చూశాడు.
వాడి వేలు మీట మీదే ఉంది.
తగ్గిద్దాంలే అన్నాను,
ఇంకొక్క చుట్టు తిరగనీ.