ఆరు గంటల బ్యాచి

జూన్ ఇరవై తొమ్మిది.
అడ్మిషన్ రిజిస్టర్లో పదకొండో పేరు కింద
ఖాళీ కాగితం
ఫ్యాను గాలికి లేస్తోంది, పడుతోంది.
అరవై సీట్లు.
ఇరవై నిండకపోతే కోర్సు ఎత్తేస్తామని
విజయవాడ నుంచి ఉత్తరం.
ప్రిన్సిపాల్ గారు దాన్ని నా చేతికిచ్చి
"ఊళ్ళోకి పోయి రా నాయనా" అన్నారు,
నీళ్ళ ట్యాంకరు కోసం పంపినట్టు.

పోయినాను.
సంచిలో కరపత్రాలు, గొంతులో రాయదుర్గం దుమ్ము.
గుమ్మఘట్ట రోడ్డులో ఒకామె
కరపత్రం పరిచి, దాని మీద బుడ్డలు పోసి వొలుస్తా
"సదివితే ఏమొస్తాది సార్?" అనింది.
నా దగ్గర జవాబుంది, అచ్చేసిన జవాబు,
బుడ్డల కింద.

జీన్స్ వీధిలో దాదాఖలందర్
కుర్చీ వేసి, టీ తెప్పించి, అప్పుడు చెప్పినాడు:
"పోయినేడు మీ పిల్లోళ్లు ముగ్గురొచ్చిరి సార్.
సర్టిఫికెట్ చూపించిరి.
జేబు కుట్టమంటే
జేబు బొమ్మ గీసిరి."
నవ్వుతూ అనుంటే బాగుండు. నవ్వలేదు.
"మీ మిషన్లు కాలితో తొక్కేవి.
మావి కరెంటు తాగేవి.
నడుమ ముప్పై ఏండ్లుండాది. ఎవరు దాటేది?"

ఆ రాత్రి సిలబస్ తెరిచినా.
మూడో యూనిట్: చేతిరుమాలు అంచు కుట్టుట.
తువ్వాలుతో మొహం తుడుచుకునే ఊళ్ళో
చేతిరుమాలు!
కొట్టేసినా.
అధికారం లేదు నాకు. పెన్సిలుంది.

ఒప్పందానికి స్టాంపు కాగితం నేనే కొన్నా.
ఖలందర్ రెండు మిషన్లిస్తాడు,
వారానికి మూడు పూటలు కటింగ్ మాస్టర్ని పంపిస్తాడు.
గది మాది, కరెంటు బిల్లు మాది.
తోపుడు బండి మీద మిషన్లు గేటు దాటిన రోజు
కామర్స్ పిల్లలు కిటికీలకు అతుక్కుపోయినారు,
ఏ ఖాతాలో రాయాలో తెలియని ఆస్తిని చూసినట్టు.

గెస్ట్ ఫ్యాకల్టీ ఫారం.
పేరు: తిప్పేస్వామి.
విద్యార్హత:
ఆయన నన్ను చూసినాడు, నేను ఫారాన్ని చూసినా.
నాలుగో తరగతి నడుమలో బడి విడిచిన మనిషి
ఎనభై పొరల గుడ్డను ఒక్క కోతలో
సుద్దగీత చెదరకుండా కోస్తాడు.
ఆ గడిలో ఏం రాసినానో
ఆడిట్ వాళ్ళు అడిగితే చెబుతా.
మొదటి రోజు కుర్చీ అంచునే కూర్చున్నాడు.
రెండో వారం ప్రిన్సిపాల్ గారిని వరండాలో ఆపి
"సైడు కుట్టు వంకర పోయింది సార్,
రేపు ఇంకో ప్యాంటు తొడుక్కొని రాండి,
ఇది నాకియ్యండి" అన్నాడు.

టైం మార్చింది మాత్రం వన్నూరమ్మ.
పదకొండేండ్లుగా గుండీలు కొట్టే పని.
"పొద్దున పదికి సదువు పెడితే
మా కూలి మీరు తెస్తారా?
సాయంత్రం ఆరుకు పెట్టండి. నలుగుర్ని తెస్తా."
తొమ్మిది మందిని తెచ్చింది.
పదో తరగతి మార్కుల కాగితాలు
ట్రంకుపెట్టెల్లోంచి కలరా ఉండల వాసనతో వచ్చినాయి.
అప్లికేషన్ల నిండా నీలం వేలిగుర్తులు.
"కడిగినా పోదు సార్, జీన్సు రంగు."
ఆమెది ఇరవయ్యో నంబరు.
తుడవకుండా అట్లే ఫైల్లో పెట్టినా.

అంతా బాగయిందని రాస్తే అబద్ధం.
దసరా దాటినాక ఇద్దరు బళ్ళారికి పోయినారు, చెప్పకుండా.
ఒక మిషను బెల్టు తెగితే టెండరు పిలవాలన్నారు;
ఖలందర్ తమ్ముడొచ్చి, మార్చి, టీ తాగి పోయినాడు.
నా కాంట్రాక్టు కాగితం ఇంకా రాలేదు.

పరీక్షలో చేతిరుమాలు ప్రశ్నే వచ్చింది.
పెన్సిలు గీత అంతదూరం పోలేదు.
అందరూ తోచింది రాసినారు.
వన్నూరమ్మ జవాబు చివర ఒక వాక్యం:
'రుమాలు పెట్టుకోను జేబు కావాల, అది మాకొచ్చు.'

దీనికి ఎన్ని మార్కులు?
ఎర్ర పెన్ను పట్టుకొని కూర్చున్నా.
ఇంతలో కరెంటు పోయింది.
పక్క గదిలో మిషన్లు ఒక్కసారే ఆగి
సెల్‌ఫోన్ లైట్లు ఒకటొకటే వెలుగుతుంటే
"సూది, సూది చూసుకోండమ్మా" అంటున్నాడు తిప్పేస్వామి.