ఖాళీ డబ్బ

ఎనిమిదేండ్ల కింద
క్లాక్ టవర్ ఎనుక గల్లీల, జహీర్ భాయ్ దుకాన్ల
నేనూ సైదులూ చెరి పదమూడు వందలు ఏసి
ఒక ఆట కొన్నం.
మూడు వేలు చెప్పిండు, నాలుగు వందలు తగ్గించినం.
బిల్లు ఎవరి పేరు మీద రాయాలె అంటే
ఇద్దరం ఒకరి మొకం ఒకరు చూసుకున్నం.
ఆయనే నవ్వి
"సైదులు అండ్ కంపెనీ" అని రాసిండు.
కంపెనీ అంటే నేను.

వారం నాకు, వారం వానికి.
శనివారం పొద్దుగూకంగ అప్పగింతలు.
అంగి కొసతోని తుడిచి, ఎలుతురుకు పట్టి
గీత పడ్డదా లేదా చూసుకునేది,
అంగట్ల ఎద్దు పండ్లు చూసినట్టు.

ఓ శనివారం మాట పెరిగింది.
వాడు రెండు దినాలు ఎక్కువ పెట్టుకున్నడనో
నేను ఆ రెండు దినాలు లెక్కగట్టిననో.
డిస్క్ వాని దగ్గర ఉండిపోయింది.
డబ్బ నా దగ్గర.

మొన్న రాత్రి అదే ఆట
తెర మీద ఆరు వందల తొంభై తొమ్మిదికి వచ్చింది.
పన్నెండు దాకనే అని
కింద ఒక గడియారం ఉరుకుతున్నది.
దుకాన్‌కు పోయే పని లేదు, బేరం లేదు.
గీతలు పడవు, దుమ్ము పట్టదు.
ఎవ్వరికీ ఇయ్యనక్కరలేదు,
ఇయ్యాలన్నా ఇయ్యరాదు.
"కొను" అనే రాసున్నది గాని
నియమాలు కిందికి కిందికి జరుపుకుంట పోతే
కొనేది ఆట కాదంట, ఆడుకునే సెలవంట.
కౌలుకు తీసుకున్నట్టు.
ఆసామి ఏ ఊర్ల ఉంటడో తెల్వదు.

అయినా నొక్కేటోన్నే, అబద్ధమెందుకు.
డెబ్బై ఎనిమిది జీబీ.
నా ఫోన్ల దినానికి ఒకటిన్నర.
యాభై రెండు దినాలు
ఏ ముచ్చటా చూడకుండ ఉపాసముంటే
ఒక ఆట దిగుతది.
లెక్క చేస్తుండంగనే కరెంటు పోయింది.

ఫోన్ లైటు ఏసి అల్మరల డబ్బ ఎతికిన.
తెరిస్తే గుండ్రటి గుంత,
నడిమిట్ల పండ్లచక్రమసొంటి బొడిపె.
బిల్లు మీద కార్బన్ రాత ఎలిసిపోయి
"కంపెనీ" ఒక్కటే మిగిలింది.

పొద్దున్నే హాలియా బస్సెక్కిన.
కనగల్ దాటేదాక మొదటి మాట ఏమనాల్నో
అనుకుంట, చెరుపుకుంట.

సైదులు బత్తాయి తోటల ఉన్నడు, చేతుల డ్రిప్ పైపు.
నన్ను చూసి ఏమనలె.
నేను డబ్బ తీసిన.
వాడు తోట ఆ చివరకు చెయ్యి చూపిండు.

కొమ్మకు దారం,
దారానికి డిస్క్.
గాలికి తిరుగుకుంట
ఎండను ముక్కలు చేసి చెట్ల మీద చల్లుతున్నది.

"మిషిన్ చెడిపోయి మూడేండ్లాయె.
చిలుకలు ఆగుతలేవని కట్టిన.
నీ సగం నీకు గావాల్నంటే దించుకపో."

దగ్గరకు పోయి చూసిన.
ఎన్ని గీతలో.
నేను దాటలేకపోయిన వంతెన,
దాని మీద నా కోసం ఇంకా నిలబడ్డ గుర్రం,
అన్నీ ఆ గుండ్రంల తిరుగుతున్నయి.
దూరంగ తీగె మీద ఒక చిలుక
ఎనుకా ముందాడుతున్నది.

"ఉండనీ" అన్న.
"మరి పదమూడు వందలు?" అన్నడు వాడు.
నవ్వలె గాని మీసం కింద ఏదో కదిలింది.
నా సంచిల కాయలు పోసిండు.
ఎన్నని ఇద్దరం లెక్కపెట్టలె.

తిరుగు బస్సుల ఫోన్ చూస్తే
ఆట మళ్ల రెండు వేల ఐదు వందల మీదెక్కి కూసున్నది.
ఒక బత్తాయి ఒలిచిన.
తొక్కలు ఎక్కడెయ్యాల్నో తోచలె,
డబ్బల ఏసి మూత పెట్టిన.
టిక్కుమన్నది,
కొత్తగ ఉన్నప్పుడు అన్నట్టే.