కొసరు

ముప్పై ఆరు అడిగాం. ముప్పై ఏడు వచ్చాయి.
"పాతవాళ్లు కదా, కొసరు" అన్నాడు
కౌంటరు వెనక ఇనుజుకా,
తడి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

సకాయ్ ఊళ్లో, ట్రాము మూలుగుతూ మలుపు తిరిగే చోట
ఇరుకు సుషీ కొట్టు.
మేం ఆరుగురం, సైకిలు గొలుసులు చేసే షెడ్డు నుంచి
నేరుగా వచ్చేశాం. ఎంత రుద్దినా
గోళ్ల కింద గ్రీజు గోళ్ల కిందే ఉంది.
నేను లెక్కలు రాసేదాన్ని. నా గోళ్లు శుభ్రం.
అందుకే కాసేపు చేతులు బల్ల కింద పెట్టుకున్నాను.

తినేటప్పుడు మాటల్లేవు.
కానాగంతకి వెనిగరు కాటు.
స్క్విడ్ నమలనిచ్చింది గానీ లొంగలేదు.
అన్నం, అరచేతి వేడి ఇంకా దిగని ముద్ద,
గింజకీ గింజకీ మధ్య గాలి ఆడేంత చోటు.
ఉడెగావా రెండు ముక్కలకోసారి అల్లం నమిలి
"నోరు కడిగేసుకున్నా" అంటాడు, బడిపిల్లాడిలా.

పళ్లెం ఖాళీ అయింది.
అయిందంటే, ఒకటి మిగిలింది.
తూర చేప పొట్ట ముక్క. అన్నిట్లోకీ ఖరీదైనది.

మా వైపు దీనికో పేరుంది: మొహమాటం ముద్ద.
అందరికీ కావాలి, ఎవరి చెయ్యీ పోదు.

"మీరు కానివ్వండి."
"అబ్బే, ఇక్కడిదాకా వచ్చింది."
"షిరాకీ, కుర్రాడివి, నువ్వు తిను."
"నాకా? వద్దండీ, మీరే పెద్దవారు."
"నాకు కొవ్వు పడదు" అన్నాడు మియోషీ.
పోయిన డిసెంబర్లో ఇదే బల్ల దగ్గర నాలుగు మింగాడు,
బిల్లు నేనే రాశాను.

ఆ తర్వాత వాన గురించి మాట్లాడాం.
ఉడెగావా మోకాలి గురించి.
బేస్‌బాల్ గురించి, ఎవరూ చూడని ఆట గురించి.
గురువారం హాజరు గడియారం పక్కన అంటించిన కాగితం గురించి
ఒక్కరూ ఎత్తలేదు.
గొలుసుల విభాగం, ప్రస్తుతం ఆరుగురు. ఏప్రిల్ నుంచి అయిదుగురు.
ఎవరన్నది మీలో మీరే తేల్చుకుని
సోమవారంలోగా తెలపగలరు.
ఎంత మర్యాదగా రాశారో!
చివర్న "మీ ఆరోగ్యం జాగ్రత్త" అని కూడా ఉంది.

దీపం కింద ఆ ముక్కకి చెమట పట్టింది.
అంచు కొద్దిగా రంగు మారుతోంది.
ఇనుజుకా కత్తి కడుగుతూ మా వైపు చూడటం లేదు,
చూడకపోవడం ఎంత బాగా తెలుసో అతనికి.

అప్పుడు హత్సుయో గారు పుల్లలు పక్కన పెట్టారు.
ముప్పై ఒక్క ఏళ్లు గొలుసు లంకెలు తడిమి తడిమి
ఎక్కడ బిగుసుకుందో కళ్లు మూసుకుని చెప్పే వేళ్లు
తిన్నగా వెళ్లి, ముద్ద తీసుకుని,
చేప వైపు సోయాలో అంటించి,
నోట్లో పెట్టుకున్నాయి.

మేం చూస్తూ ఉన్నాం.
ఆవిడ తొందరపడలేదు.
ఆఖర్న పొలమారింది,
అయిదు టీ కప్పులు ఒకేసారి ఆవిడ ముందుకొచ్చాయి.

"నా పేరు రాసెయ్యండి సోమవారం" అన్నారు, కళ్లు తుడుచుకుని.
"ఏం చూస్తారు? కొసరు తిన్నది నేనేగా."

"అట్లా కాదండీ" అని మొదలెట్టాడు మియోషీ.
వాక్యం అక్కడే ఉంది ఇప్పటికీ.
షిరాకీ ముక్కు ఎగబీల్చి వసాబి ఘాటన్నాడు.
వాడి పళ్లెంలో వసాబి ఉండ చెక్కుచెదరలేదు.
నాకు మాత్రం
(ఇది ఎవరికీ చెప్పలేదు)
ముందుగా వచ్చింది ఆకలి.
ఆ ముక్క నేను తినాల్సింది అనిపించింది.
ఆ వెనకే, హమ్మయ్య అనిపించింది.

బిల్లు ఆరు భాగాలు చేశాను.
హత్సుయో గారు పైన ఇంకో నాణెం పెట్టబోతే
ఇనుజుకా వెనక్కి తోశాడు.
"కొసరుకి లెక్క ఉండదమ్మా."

బయట సన్నటి జల్లు. గొడుగులు విప్పుతున్నాం,
ఎవరు ముందు నడవాలో తేలక
గుమ్మంలోనే మళ్లీ "మీరు", "కాదు, మీరు."
మలుపులో ట్రాము దీపం కనబడింది.
"ఆఖరిదేమో!" అంటూ
హత్సుయో గారు మమ్మల్ని తోసుకుని
సంచి చంకన పెట్టుకుని పరిగెత్తారు.
ఆవిడ పరిగెత్తగలరని
మాలో ఒక్కరికీ తెలియదు.