చెప్పు కరుస్తోంది

ఆరో ఏట జ్వరమొచ్చి నా చెవులు పట్టుకుపోయింది.
బడిలో పంతులమ్మ కణుపుల మీద బద్దతో కొట్టి
పెదవులు చదవడం నేర్పింది.
ఆ చదువు కూడు పెట్టలేదు.
కూడు పెట్టింది వెస్టర్‌బ్రోలో చేతితొడుగుల కార్ఖానా.
చదువు మాత్రం నాకు
ఎల్నా థూసెన్‌ని ఇచ్చింది.

శనివారం రాత్రి. అన్నిటికన్నా చవక టిక్కెట్టు,
ముందు బెంచీ, తెల్లారేదాకా మెడనొప్పి.
పియానో ముసలాయన భుజాలు కుంగితే
ఏడవాల్సిన చోటు వచ్చిందని తెలిసేది.
హాలంతా చేతిరుమాళ్లు తీసేది.
నేను నవ్వాపుకోలేక శాలువా నోట్లో కుక్కుకునేదాన్ని.

ఎందుకంటే
కౌంటు దొర కాళ్ల మీద పడి
"ఈ అభాగ్యురాలిని విడిచిపోకండి" అని
తెరమీద అక్షరాలు పడకముందే
ఆమె పెదవులు అనేశాయి:
"తొందరగా కానీ, చెప్పు కరుస్తోంది."
వంతెన మీద, వెన్నెల్లో, ప్రియుడి గుండెకి ఆనుకుని:
"మళ్లీ ఉల్లిపాయ తిన్నావు."

ఆ రోజుల ఫిల్ముకి ఎరుపంటే నలుపే.
నీలికళ్లు సున్నం కొట్టినట్టు తేలిపోయేవి గానీ
రంగేసిన ఆ పెదవులు
తెల్లకాగితం మీద అచ్చక్షరాలు.
ఊరంతా చూసిన మనిషిని
విన్నది నేనొక్కదాన్నే.

అప్పట్లో కథకి రెండు ముగింపులు తీసేవారట.
మాకు పెళ్లి, రష్యా వాళ్లకి చావు.
ఏడిపించకపోతే వాళ్లకి టిక్కెట్టు గిట్టుబాటు కాదని.
పొద్దున్న గాజుకప్పు కింద పెళ్లికూతురు,
ఎండ వాలకముందే అదే గౌనులో శవం.
ఒక శీతాకాలం పొరపాటున
రష్యా రీలు మా హాలుకొచ్చింది.
కాలువలోంచి తీసి గట్టున పడుకోబెట్టారు ఎల్నాని.
చచ్చిన మనిషి పెదవి కదిలింది, ఆవగింజంత:
"వీగో."
కథలో ఆ పేరుగలవాడు లేడు.
ఆ రాత్రి నేను నవ్వలేదు.

తర్వాత సినిమాకి మాటలొచ్చాయి.
ఊరికి పండగ. తెరమీంచి అక్షరాలు పోయాయి.
నటులు వీపు తిప్పి మాట్లాడ్డం మొదలుపెట్టారు,
చీకట్లో, తలుపు వెనక, టెలిఫోన్లో.
నాకు రెండోసారి చెవుడొచ్చింది.
ఎల్నాది యూట్లండ్ యాస.
రాజకుమార్తె వేషంలో నోరు విప్పగానే
హాలు గొల్లుమందని మా మేస్త్రీ చేతులు తిప్పి చెప్పాడు.
ఆ నవ్వు నేను వినలేదు.
నాకున్న కొద్దిపాటి అదృష్టాల్లో అదొకటి.

పదకొండేళ్లకి, బొత్తాల కొట్లో,
బల్ల వెనక ఒకామె
"కొమ్ముదా, ముత్యపుచిప్పదా?" అంది.
పెదవులకి రంగు లేదు, చుట్టూ ముడతలు.
దస్తూరి మారుతుందా ఎక్కడన్నా?
రసీదు వెనక రాసిచ్చాను:
"చెప్పు ఇంకా కరుస్తోందా?"

చదివి, బొత్తాల డబ్బాతో సహా కుర్చీలో కూలబడి
కళ్లనీళ్లు తిరిగేదాకా నవ్వింది.
తన రీళ్లు కరిగించి వెండి పిండుకున్నారని చెప్పింది,
నాకోసం నెమ్మదిగా, ఒక్కో మాటా నమిలి.
రెండు ముగింపుల సంగతీ అప్పుడే చెప్పింది.
నేనేమన్నాను, ఇంకా ఏమన్నాను, అని అడిగింది.
ఉల్లిపాయ దగ్గర్నుంచీ అన్నీ రాసిచ్చాను.
రసీదుల కట్ట అయిపోవచ్చింది.

కొట్టు మూసేవేళ ఆఖరి చీటీ:
"వీగో ఎవరు?"

ఎల్నా దాన్ని చాలాసేపు మడిచింది.
తర్వాత నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని
జవాబు చెప్పింది.