తిట్టు కూడా కాసే

మార్చి పదిహేనుకల్లా జాబితా పంపాలన్నారు.
చెనక్కాయ ఆకుమచ్చ తెగులు మీద
పని చేసినోళ్లందర్నీ
మెట్టు మెట్టుగా నిలబెట్టమన్నారు.
తెగులు సంగతి నాకేం తెలుసు?
యూనివర్సిటీ లైబ్రరీలో అసిస్టెంటుని.
ఎవరి పేపర్ని ఎంతమంది తల్చుకున్నారో
ఎంచడం వరకే నా పని.

ఎంచడం కొత్తగాదు నాకు.
ఆర్నెల్ల కిందట కొండమీద
మూడు రోజులు పరకామణి సేవ చేసొచ్చినా.
జేబుల్లేని పంచె, ఉంగరం తీసేసిన వేలు,
ముందర కుప్పగా చిల్లర.
రూపాయలు ఒకపక్క, రెండ్రూపాయలు ఒకపక్క,
మలేషియా బిళ్లలు ఇంకోపక్క.
మధ్యాహ్నానికి వేళ్లు నల్లబడి
ఇనుప వాసన అన్నంలోకి కూడా వస్తాది.

ఇక్కడా అదే పని, వాసన లేదంతే.
ఒక్కో పేపరు ఒక్కో పేర్పు.
ఎత్తైంది ముందర, పొట్టిది వెనక.
ఒకటీ, రెండూ అనుకుంటా పోవాల.
పదకొండో పేర్పులో పదకొండు బిళ్లలు, సరే.
పన్నెండో దాంట్లో తొమ్మిదే,
ఆగు.
ముప్పై ఏండ్లు ఎండలో
చేనుగట్ల మీద తిరిగిన మనిషికి
పదకొండు
అని రాసి కిందకి జరుపుతా.

పుత్తూరాయన ఒకడుండాడు,
ఆయన బిళ్లల్లో సగం ఆయన జేబులోవే.
తన హుండీలో తనే వేసుకుని
తనే గోవిందా అనుకున్నాడు.
వాటిని తీసెయ్యమన్నారు, తీసేసినా.
శిష్యులు వేసినవి మాత్రం
తీసెయ్యమనలేదు.

వజ్రవేలు సారుది మూడో మెట్టు.
మొత్తం నాలుగువందల పన్నెండు.
రిటైరై పదేండ్లయినా
పొద్దున్నే వచ్చి పేపర్లు తిరగేసి పోతాడు.
"స్వీట్లెప్పుడు సార్?" అన్నా.
కళ్లజోడు పైకి తోసి
స్క్రీను మీద వేలు పెట్టినాడు.
"ఈ రెండొందల పన్నెండు దేనివి?"
తొంభైనాలుగు పేపరువి సార్.
నవ్వినాడు.
ఆ నవ్వు దగ్గయి, చానాసేపు ఆగలేదు.

"అది తప్పు రా ఏకాంబరం.
తెగులు విత్తనంలోంచి వస్తాదని రాసినా.
విత్తనంలో లేదు.
నిరుటి ఎండాకులో, ఆ చేన్లోనే,
నా కాళ్లకిందే ఉండింది.
ఇంతమందీ నన్ను తల్చుకున్నది
మొక్కడానికి కాదు, మొట్టడానికి.
తిట్లు కూడా లెక్కేనా?"
లెక్కే సార్.
"తీసెయ్."
తిట్లకి వేరే గడి ఇవ్వలేదు సార్.
తీస్తే పందొమ్మిదో మెట్టుకి పోతారు.
"పోతే ఏం? అలిపిరి కాడ పందొమ్మిదో మెట్టంటే
కింద విడిచిన చెప్పులు
ఇంకా కనిపిస్తానే ఉంటాయి."

పోబోతా పోబోతా వెనక్కి తిరిగినాడు.
"మొదట మొట్టింది ఎవురో చూడు."
వెతికినా.
కె. గంగులమ్మ, పలమనేరు, తొంభైఆరు.
రాసింది ఆ ఒక్క పేపరే.
ఆ పేపర్ని తల్చుకున్నోళ్లు ఒకరు.
ఆ ఒకరెవరో నేను చదివేలోపల
"నేనే" అన్నాడు,
గొడుగు తీసుకుని మెట్లు దిగిపోయినాడు.

పరకామణిలో రెండోరోజు
పదిరూపాయల నోటుకి చుట్టిన చీటీ ఒకటి దొరికింది.
'పోయినసారి టికెట్టు లేకుండా రైలెక్కినా సామీ,
ఇది దానికి.'
మా సూపర్‌వైజరు చదివి, తల ఊపి,
నోటుని నోట్లలోకి,
చీటీని బుట్టలోకి వేసినాడు.
అది తప్పు కట్టిన పది,
పక్కది మొక్కు తీర్చిన పది.
కట్ట కట్టినాక
రెండింటికీ ఒకటే రబ్బరుబ్యాండు.

పదిహేనో తారీకు సాయంత్రం
జాబితా పంపేసినా.
మూడు: ఎం. వజ్రవేలు, తిరుపతి.
గంగులమ్మ పేరు ఎక్కడా పట్టలేదు.
చిన్న చీటీ మీద రాసి
మడిచి పెట్టుకున్నా.

ఈ చొక్కాకి జేబుండాది.